మొండి డ్రాగూన్ చేసిపెట్టిన పని

టెరన్, జర్గ్, ప్రోటాస్ అనే మూడు జాతుల సైన్యాలు తలపడే కంప్యూటర్ వ్యూహ ఆట స్టార్‌క్రాఫ్ట్ 2. దాని గురించి పాత ఆటగాళ్ళ నోట తరచుగా వినిపించే ఫిర్యాదులు రెండు. ఆట మరీ సులువైపోయిందన్నది మొదటిది. ఖనిజాలు తవ్వి ఆదాయం తెచ్చే వర్కర్లు వాటంతటవే తవ్వకానికి పోతాయి, సైన్యం మొత్తాన్ని ఒక్క మీటకి కట్టేసుకోవచ్చు, ఇంక నేర్చుకోవడానికి మిగిలిందేమిటని అడుగుతారు. ఆట మరీ కర్కశంగా ఉందన్నది రెండోది. రెండు సెకన్లు చూపు పక్కకి పోయిందంటే పదిహేను నిమిషాలు కూడబెట్టిన సైన్యమంతా బూడిదే. చిత్రమేమిటంటే ఈ రెండు మాటలూ చాలాసార్లు ఒకే మనిషి ఒకే ఊపులో అంటాడు. విన్నవాళ్ళు ‘ముందు ఏదో ఒకటి తేల్చుకో’ అని నవ్వేస్తారు. కానీ రెండూ నిజమే. పైగా రెండోది మొదటిదాని కడుపున పుట్టింది.

సౌకర్యాలు పెట్టడం తప్పని నేననను. పాత ఆటలోని (1998 నాటి బ్రూడ్ వార్‌లోని) అసౌకర్యాలు ఎవరూ పురమాయించకుండానే కొన్ని పనులు చేసిపెడుతుండేవి. సైన్యాన్ని చెల్లాచెదురుగా ఉంచేవి, కాచుకునేవాడికి కాస్త ఊపిరి ఇచ్చేవి, ఒక్కో పోరుని సాగదీసేవి. వాటిని తీసేసినప్పుడు ఆ పనులు ఇకమీదట ఎవరు చేస్తారని ఎవరూ అడిగినట్టు లేదు. 2010 నుంచి వచ్చిన ప్యాచుల్లో (సవరణల్లో) సగానికి సగం ఆ ఖాళీని మూలమూలకీ పూడ్చుకుంటూ వచ్చినవే అని నా అభిప్రాయం.

ఏయే చిక్కులు పోయాయి

బ్రూడ్ వార్‌లో ఒకసారికి పన్నెండు యూనిట్లకి (సైనికులు, యంత్రాలు) మించి ఎంచుకోలేం. ఎనభై యూనిట్ల సైన్యాన్ని కదపాలంటే ఏడు గుంపులు కావాలి. ఒక్కో గుంపుకి ఒక మీట, ఒక దాడి ఆజ్ఞ, ఒక క్లిక్. ‘పదండి ముందుకి’ అని చెప్పడానికే ఇరవై ఒక్క చర్యలు. చివరి గుంపుకి కబురందేసరికి మొదటి గుంపు శత్రువు ఎదుట నిలబడి ఉంటుంది. ప్రోటాస్ సైనికుల్ని తయారుచేసే గేట్‌వే కట్టడాలు పది ఉంటే పదింటినీ విడివిడిగా నొక్కి విడివిడిగా జెలట్ (కాలిబంటు) అడగాలి. కొత్తగా పుట్టిన వర్కర్‌కి మినరల్ గుట్ట మీద ర్యాలీ (పుట్టగానే వెళ్ళాల్సిన చోటు) పెట్టినా, అది అక్కడిదాకా నడిచి చేతులు కట్టుకుని నిలబడుతుంది. తవ్వమని మళ్ళీ చెప్పాలి. నలుగురు హై టెంప్లార్లని (ప్రోటాస్ మంత్రగాళ్ళని) కలిపి ఎంచుకుని సై స్టార్మ్ (మెరుపుల తుపాను) వేయమంటే నలుగురూ ఒకేచోట కుమ్మరిస్తారు. స్టార్మ్ మీద స్టార్మ్ పడ్డా నష్టం పెరగదు కాబట్టి మూడు గంగపాలు.

వీటన్నిటికీ తలమానికం డ్రాగూన్. నాలుగు కాళ్ళ ఈ యంత్రాన్ని ర్యాంప్ ఎక్కమంటే అడుగునే తచ్చాడుతుంది. ముందున్న డ్రాగూన్ అడ్డంగా ఉంటే అది కదిలేదాకా ఆగదు, వెనక్కి తిరిగి చుట్టుదారి పడుతుంది. రీవర్ అనే యంత్రం వదిలే స్కారబ్ (పాకే బాంబు) అయితే మరీను. గురి ఎదుటే ఉన్నా వర్కర్ల మధ్య దారి దొరక్క తిరిగి తిరిగి పేలకుండానే మాయమైపోతుంది. చూసేవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు, ఆడేవాడు నెత్తి కొట్టుకునేవాడు.

2010 జూలై 27న స్టార్‌క్రాఫ్ట్ 2 మొదటి భాగం వింగ్స్ ఆఫ్ లిబర్టీ వచ్చేసరికి ఇవేవీ లేవు. కావలసినన్ని యూనిట్లని ఒక్క మీటకి కట్టుకోవచ్చు. పది బ్యారక్స్‌నీ ఒకేసారి ఎంచుకుని మెరీన్ (టెరన్ తుపాకీ సైనికుడు) మీటని పదిసార్లు కొడితే ఒక్కో దానిలో ఒక్కోటి మొదలవుతుంది. ర్యాలీ పెట్టిన వర్కర్ నేరుగా తవ్వకంలో దిగుతుంది. పది మంది టెంప్లార్లని ఎంచుకుని స్టార్మ్ వేస్తే దగ్గరగా ఉన్న ఒక్కడే వేస్తాడు. దారి వెతుక్కునే తెలివి కూడా పూర్తిగా కొత్తది. ఖాళీగా నిలబడ్డ యూనిట్లు నడిచివచ్చే తోటివాళ్ళకి పక్కకి జరిగి దారిస్తాయి, ఇరుకు సందులోంచి సైన్యం గరాటాలో నీళ్ళలా జారిపోతుంది.

వీటిలో ఒక్కదాన్నైనా వెనక్కి తెమ్మని కొత్త ఆటగాణ్ణి అడిగితే పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తాడు. ఆ చూపులో తప్పులేదు.

నీళ్ళలా పారే సైన్యం

నీళ్ళకి ఇంకో గుణం కూడా ఉంది. పల్లంలో ఒక్కచోట చేరుతాయి. స్టార్‌క్రాఫ్ట్ 2లో ముప్ఫై మెరీన్లని ఒక బిందువు మీదికి పంపితే ముప్ఫై మందీ భుజాలు రాసుకుంటూ ఆ బిందువు చుట్టూ గుండ్రంగా ముద్దకడతారు. బ్రూడ్ వార్‌లో ఇదే ఆజ్ఞ ఇస్తే పన్నెండుగురు తాడులా సాగుతూ పోతారు. మిగతా పద్దెనిమిది మంది ఆజ్ఞ అందేదాకా ఉన్నచోటే ఉంటారు.

ఈ ముద్ద ఖరీదు ఎంతో లెక్క కట్టవచ్చు. బేన్‌లింగ్ (దొర్లుకొచ్చి పేలే జర్గ్ జీవి) పేలితే మెరీన్ లాంటి తేలిక యూనిట్‌కి 35 నష్టం. పేలుడు వ్యాసార్ధం 2.2. మెరీన్‌కి ప్రాణం 45, కంబాట్ షీల్డ్ ఉంటే 55. ఎలా చూసినా రెండు పేలుళ్ళు చాలు. ఒక మెరీన్ ఆక్రమించే చోటు వ్యాసార్ధం 0.375. ఒత్తుగా ముద్దకట్టిన గుంపులో ఆ 2.2 వలయం లోపల లెక్క ప్రకారం పాతిక మందికి పైగానే పడతారు. అంటే 100 మినరల్స్, 50 గ్యాస్ ఖర్చయిన రెండు బేన్‌లింగ్స్ 1250 మినరల్స్ విలువైన మెరీన్లని ఒక్క ఊపిరిలో తుడిచేయగలవు. నిజం ఆటలో మెరీన్లు కాలుస్తూనే ఉంటారు కనుక అంత శుభ్రంగా జరగదు. కానీ ఆ భయం లెక్కలోంచి పుట్టిందే, ఊహ కాదు. ‘రెండు సెకన్లు చూపు పక్కకి పోతే’ అన్న ఫిర్యాదుకి మూలం ఇక్కడుంది. ఆట గడియారం వేగమెక్కడం అసలు కారణం కాదు. ఒక పేలుడు వలయంలో పడేవాళ్ళ సంఖ్య పెరిగింది, అందుకే పోరు ముగిసే వేగం పెరిగింది.

ఒకచోట ముద్ద మొదలయ్యాక మిగతావన్నీ దానికి తగ్గట్టు మారక తప్పలేదు. సీజ్ ట్యాంక్‌నే చూడండి. బ్రూడ్ వార్‌లో సీజ్ మోడ్‌లో (ఒకచోట పాతుకుని దూరం కాల్చే తీరులో) దాని దెబ్బ 70, చిన్న యూనిట్ల మీద సగం. భయంకరమైన అంకే. కానీ పది ట్యాంకుల ఎదుటికి ఒక్క జెలట్‌ని తోస్తే పదీ ఆ ఒక్కదాని మీదే కాల్చేవి, సగానికి పైగా గుళ్ళు వృథా. ఆ వృథాని వాడుకోవడమే ప్రోటాస్ ఆటగాడి విద్య. ముందు ఒకటి రెండు జెలట్లని బలిచ్చి, ట్యాంకులు మళ్ళీ గుండు ఎక్కించుకునేలోపు మిగతావాటిని దూకించాలి. స్టార్‌క్రాఫ్ట్ 2లో ట్యాంకులు ఒకదాని వెనక ఒకటి లెక్క చూసుకుంటాయి. గురి చచ్చిందంటే మిగతావి వేరే గురి ఎంచుకుంటాయి. గుండు వృథా కాదు, పైగా ఎదుట ఉన్నది ముద్ద. అలాంటి ట్యాంక్‌కి పాత దెబ్బ ఉంచితే ఇంకెవ్వరూ నేల మీద నడవలేరు. విడుదలనాడు 50 ఉన్న సీజ్ దెబ్బ ఆ సెప్టెంబరు ప్యాచ్‌లోనే 35కి దిగింది, కవచమున్న వాటి మీద మరో 15. పైగా ఒక్కో ట్యాంక్‌కి పాత ఆటలో రెండు సప్లై (సైన్యం పరిమితిలో వాటా) అయితే ఇక్కడ మూడు.

సై స్టార్మ్ కథా అంతే. పాత ఆటలో మొత్తం నష్టం 112, కొత్త ఆట విడుదలైనప్పుడు 80. పాతదాంట్లో ఒక్కో టెంప్లార్‌ని వెతికి పట్టుకుని వేయాలి కాబట్టి ఒక్కో స్టార్మ్‌కి చేతి ఖర్చు ఉండేది. ఆ ఖర్చు పోయింది కనుక దెబ్బా తగ్గింది. ‘పాత స్టార్మ్‌లో ఉన్న ధాటి ఇందులో లేదు’ అని వాపోయేవాళ్ళు నిజంగా కోల్పోయింది ఆ 32 అంకెలని కాదనుకుంటాను. కష్టపడి వేసినదానికి దక్కే ప్రతిఫలాన్ని.

కొలోసస్ గురించి రెండు ముక్కలు చాలు. రీవర్ స్థానంలో వచ్చిన ఇది ఎప్పుడూ గురి తప్పదు, కొండలెక్కి దిగుతుంది, సైన్యం వెనకాలే నడుస్తుంది. అందుకే దాన్ని ఎవరూ ప్రేమించలేదు.

ఎత్తూ దూరమూ

పల్లంలోంచి మెరకమీదికి కాలిస్తే బ్రూడ్ వార్‌లో గుండు తగిలే అవకాశం దాదాపు 53 శాతం. ర్యాంప్ పైన నాలుగు డ్రాగూన్లు, కింద ఏడు ఉన్నాయనుకోండి. కింది ఏడింటి కాల్పులు 0.53తో గుణిస్తే 3.7. అంటే పైనున్న నాలుగుతో సమానం కూడా కాలేదు. తక్కువ సైన్యంతో ఎక్కువ బేసులు పెట్టుకునే ధైర్యం బ్రూడ్ వార్ ఆటగాడికి వచ్చింది ఈ గుణకారం వల్లే.

స్టార్‌క్రాఫ్ట్ 2లో గుండు తప్పడం లేదు. పైన ఏముందో కనిపించకపోతే కాల్చలేరు, కనిపిస్తే ఏడూ ఏడే. చూపు సంపాదించడం ఎంత పని? జర్గ్‌కి ఒక ఓవర్‌లార్డ్, టెరన్‌కి ఆర్బిటల్ కమాండ్‌లోంచి 50 శక్తి పెట్టి ఒక స్కాన్, లేకపోతే ముందు నడిచే ఒక్క యూనిట్ పైకెక్కినా చాలు. యాదృచ్ఛికతని ఆటలోంచి తీసేయడం పోటీకి మంచిదని ఒక వాదముంది. గెలుపోటములు పాచికల మీద ఆధారపడకూడదంటారు. సబబే. కానీ కాలే గుళ్ళు వందల్లో ఉన్నప్పుడు ఆ 53 శాతం పాచికలా ప్రవర్తించదు, స్థిరమైన తరుగులా ప్రవర్తిస్తుంది. కావాలంటే పాచిక లేకుండా, పల్లంలోంచి కాల్చేవాడి దెబ్బని ఏ మూడో వంతో తగ్గించి ఉండవచ్చు. పాత అలవాటుని తీసేశారు గానీ అది చేసే పనిని మరో దానికి అప్పగించలేదు.

దూరం విషయంలో ఇంకా పెద్ద గండి పడింది. వార్ప్ గేట్. శత్రువు బేస్ పక్కన ఒక పైలాన్ (ప్రోటాస్ శక్తి స్తంభం) నాటితే చాలు, ప్రోటాస్ సైన్యం అక్కడే దిగుతుంది. దాడి చేసేవాడి కొత్త యూనిట్లు మ్యాప్ అంతా నడిచి రావాలి, కాచుకునేవాడివి ఇంటి ముందే పుడతాయి. ఏ వ్యూహాత్మక ఆటలోనైనా రక్షణకి ఉండే సహజమైన బలం ఇదే. వార్ప్ గేట్ దాన్ని సున్నా చేసింది. మొదటి ఏడాదంతా నాలుగు గేట్‌వేల దాడితో విసుగెత్తని ఆటగాడు ఉండడు. ఇద్దరు ప్రోటాస్ ఆటగాళ్ళు తలపడితే ఆట దాదాపు అదే. దానికి విరుగుడుగా సెంట్రీ అనే యూనిట్ వేసే ఫోర్స్‌ఫీల్డ్ గోడతో ర్యాంప్ మూసుకోవడం ఆనవాయితీ అయింది. ఆ ఫోర్స్‌ఫీల్డ్ మీద మళ్ళీ మిగతా రెండు జాతుల ఫిర్యాదులు.

2013 మార్చిలో రెండో భాగం హార్ట్ ఆఫ్ ది స్వార్మ్‌తో మదర్‌షిప్ కోర్ అని ఒకటి తెచ్చారు. ఎగిరే ఈ చిన్న ఓడ ప్రోటాస్ సొంత బేస్‌ని కాసేపు ఫిరంగిగా మార్చేది. అంటే వార్ప్ గేట్ తీసేసిన రక్షణ బలాన్ని ఒక మీటగా మార్చి చేతికిచ్చారు. నాలుగేళ్ళు దాని బలం హెచ్చిస్తూ తగ్గిస్తూ గడిపి 2017 నవంబరులో తీసేశారు. దాని స్థానంలో వచ్చింది షీల్డ్ బ్యాటరీ (కవచాలకి శక్తి నింపేది), అప్పటికి పందొమ్మిదేళ్ళ క్రితం పాత ఆటలో ఉన్న కట్టడమే. 2015లో వచ్చిన మూడో భాగం లెగసీ ఆఫ్ ది వాయిడ్‌లో వార్ప్ కూడా మారింది. ఇప్పుడు నెక్సస్ (ప్రోటాస్ ప్రధాన కట్టడం) పక్కనో గేట్‌వే పక్కనో ఉన్న పైలాన్ దగ్గర 4 సెకన్లలో దిగే యూనిట్, ఎక్కడో నాటిన పైలాన్ దగ్గర దిగడానికి 16 సెకన్లు తీసుకుంటుంది. ఇది దూరాన్ని మళ్ళీ ఆటలోకి తేవడమే, నడకకి బదులు నిరీక్షణగా. మొదటి రోజు నుంచీ ఇలా ఉండాల్సిన ఈ సవరణకి ఐదేళ్ళు పట్టింది.

కల్పించి ఇచ్చిన పనులు

వర్కర్లు వాటంతటవే తవ్వుతాయని తేలాక, ఆటగాడు తన బేస్ వైపు చూడాల్సిన అవసరమే పోతుందని తయారీదార్లు భయపడ్డారు. సరైన భయమే. దానికి జాతికొకటి చొప్పున మూడు పనులు పెట్టారు. టెరన్‌కి 50 శక్తి పోగైనప్పుడల్లా మ్యూల్ (తాత్కాలిక తవ్వకం యంత్రం) దించడం, జర్గ్‌కి క్వీన్ చేత గుడ్ల కోసం బేస్‌కి సూది పొడిపించడం, ప్రోటాస్‌కి క్రోనో బూస్ట్ (ఒక కట్టడం పనిని వేగిరపరచడం).

ఈ మూడింటిలో క్రోనో ఒక్కటే నిజమైన నిర్ణయం. వర్కర్ల మీద వేయాలా, పరిశోధన మీదా, గేట్‌వే మీదా అన్న ప్రశ్న అందులో ఉంది. మ్యూల్‌లో సగం ప్రశ్న ఉంది, స్కాన్ చేయాలా మ్యూల్ దించాలా అని. క్వీన్ ఇంజెక్షన్‌లో ఏ ప్రశ్నా లేదు. 25 శక్తి నిండగానే పొడవాలి, 29 సెకన్ల తర్వాత లార్వాలు (జర్గ్ యూనిట్లుగా మారే పురుగులు) వస్తాయి, మళ్ళీ పొడవాలి. పది సెకన్లు ఆలస్యమైతే ఆ పది సెకన్ల లార్వాలు ఎప్పటికీ రావు. ఎప్పుడు చేయాలన్నది ఆట నిర్ణయిస్తుంది, మనం గంట కొట్టినప్పుడల్లా లేచి వెళ్ళే కాపలాదారులం. తర్వాతి రోజుల్లో ఇంజెక్షన్లని వరస కట్టి ముందే పెట్టుకునేలా సడలించారంటే, ఆ పనిలో ఆట లేదని తయారీదార్లు కూడా ఒప్పుకున్నట్టే.

ఇక్కడ పాత అసౌకర్యం ఎందుకు మెరుగో చెప్పాలి. బ్రూడ్ వార్‌లో కొత్త వర్కర్‌ని పనికి పంపడం ఆలస్యమైతే కాసింత ఆదాయం పోతుంది, అంతే. పోరు ముదురుతున్నప్పుడు ఎన్ని వర్కర్లని ఎంతసేపు ఖాళీగా నిలబెట్టవచ్చన్నది ఆటగాడి లెక్క. తప్పు చిన్నదీ పెద్దదీ అవుతూ సాగుతుంది. ఇంజెక్షన్ అలా కాదు, చేశావా లేదా అన్నంత మొరటుగా ఉంటుంది.

2015 ఆగస్టులో, లెగసీ ఆఫ్ ది వాయిడ్ బీటాలో, ధైర్యం చేసి మ్యూల్‌నీ క్రోనోనీ తీసేసి ఇంజెక్షన్‌ని స్వయంచాలకం చేశారు. కొన్ని వారాలకే మూడింటినీ బలం తగ్గించి వెనక్కి తెచ్చారు. ఈ వెనకడుగుని కొందరు పిరికితనమన్నారు. నాకు అలా అనిపించదు. ఐదేళ్ళుగా ప్రతి బిల్డ్ ఆర్డర్ (కట్టే వరస), ప్రతి దాడి సమయం, ప్రతి యూనిట్ ధర ఆ మూడు పనుల మీద లెక్కగట్టి ఉన్నాయి. పునాదిలో పెట్టిన రాయి పనికిమాలినదని తర్వాత తెలిసినా లాగలేం.

మూడు బేసుల గోడ

ఆర్థికం విషయంలో పాత ఆటగాళ్ళ ఫిర్యాదు అన్నిటికంటే పదునైనది, అన్నిటికంటే తక్కువమంది పట్టించుకున్నదీ ఇదే. స్టార్‌క్రాఫ్ట్ 2లో ఒక బేస్‌కి ఎనిమిది మినరల్ గుట్టలు, రెండు గ్యాస్ బావులు. పదహారు వర్కర్లదాకా ప్రతి కొత్త వర్కర్‌కీ దాదాపు పూర్తి ఆదాయం వస్తుంది, ఎందుకంటే రెండేసి వర్కర్లు ఒక గుట్ట మీద వంతులు వేసుకుని చక్కగా సర్దుకుంటాయి. ఆ తర్వాత పడిపోతుంది, ఇరవై నాలుగు దాటితే శూన్యం. మూడు బేసులకి 48 మంది మినరల్స్ మీద, బావికి ముగ్గురు చొప్పున ఆరు బావులకి 18 మంది. మొత్తం 66. మొత్తం సప్లై 200 మించదు కనుక ఇంతకంటే వర్కర్లు పెంచితే సైన్యం చిక్కిపోతుంది. కాబట్టి నాలుగో బేస్ పాత గుట్టలు అయిపోతే మారడానికే గానీ ఆదాయం పెరగడానికి కాదు.

బ్రూడ్ వార్‌లో రెండో వర్కర్ గుట్ట దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఇంకొకటి తవ్వుతుంటే, ఖాళీ గుట్ట కోసం అటూ ఇటూ తిరుగుతుంది. ఆ తిరుగుడు వృథా. అందుకే గుట్టకి ఒకటి దాటగానే ఆదాయం మెల్లగా తరగడం మొదలవుతుంది, అవే వర్కర్లని ఇంకో బేస్‌కి పంచితే ఆదాయం పెరుగుతుంది. అంటే ఆ తెలివితక్కువ తిరుగుడే ఆటగాణ్ణి మ్యాప్ మీదికి తరిమేది. బేసులు చెదిరితే సైన్యమూ చెదురుతుంది, ఒకేసారి మూడు చోట్ల పోరు జరుగుతుంది. మూడు బేసులే చాలన్నచోట మూడింటినీ ఒకే ముద్ద కాపాడగలదు. ఆటగాళ్ళు డెత్‌బాల్ అని తిట్టుకునే ఆ గోళం దారి వెతికే తెలివిలోంచి ఎంత పుట్టిందో ఈ లెక్కలోంచీ అంతే పుట్టింది.

2012 చివర్లో ఇది పరాకాష్ఠకి చేరింది. అంతకుముందు మేలో ఒక ప్యాచ్‌లో క్వీన్ నేల దాడి దూరాన్ని 3 నుంచి 5కి పెంచారు, మొదటి నిమిషాల్లో జర్గ్ బతికి బట్టకట్టాలని. జర్గ్ బతికింది, బతికి నిశ్చింతగా మూడు బేసులు కట్టుకుని, ఎవరూ ముట్టుకోకుండా బ్రూడ్ లార్డ్, ఇన్‌ఫెస్టర్ అనే బలమైన యూనిట్ల గోళం దాకా నడిచింది. అప్పటి ఆటలు కొన్ని చూస్తే పదిహేను నిమిషాలు ఏమీ జరగదు, పదహారో నిమిషంలో అంతా అయిపోతుంది. రెండు అంకెల మార్పు మొత్తం ఆట రూపాన్ని మార్చేయగలిగిందంటే, మిగతా తూకం ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో తెలుస్తుంది.

లెగసీ ఆఫ్ ది వాయిడ్ ఈ గోడని పగలగొట్టే ప్రయత్నం చేసింది గానీ దొడ్డిదారిన. గుట్ట చుట్టూ వర్కర్లు సర్దుకునే తీరుని మార్చమని, బ్రూడ్ వార్ తరహాలో తరుగు వచ్చేలా అభిమానులే ఒక నమూనా తయారుచేసి చూపించారు. తీసుకోలేదు. బదులుగా గుట్టల్లో సరుకు తగ్గించారు. ముందు ఎనిమిదింటిలోనూ 1500 చొప్పున ఉండేది, తర్వాతి అమరికలో నాలుగింటిలో 1800, నాలుగింటిలో 900. సగం గుట్టలు త్వరగా ఖాళీ అయి ఆటగాడు కొత్త బేస్‌కి పోక తప్పదు. ఫలితం ఒకటేలా కనిపిస్తుంది, కానీ కాదు. పాత ఆట ‘విస్తరిస్తే లాభం’ అని ఆశ చూపేది, కొత్తది ‘విస్తరించకపోతే ఆకలి’ అని బెదిరిస్తుంది. ఒక బేస్ మీద కూర్చుని ఆడే మొండివాడికి బ్రూడ్ వార్‌లో బతుకుంది.

ఆరుకి బదులు పన్నెండు వర్కర్లతో మొదలుపెట్టడం మీద మాత్రం నాకు పెద్ద అభ్యంతరం లేదు. మొదటి రెండు నిమిషాల ఖాళీ పోయింది. దాంతోపాటు గూఢచారి వర్కర్ వెళ్ళి చూసొచ్చేసరికి నిర్ణయాలు అయిపోయి ఉంటున్నాయన్నది నిజమే, కానీ ఆ నష్టం భరించదగినదే.

ఎదుటి వాదనల్లో బలం

ఇంతదాకా చెప్పినదానికి గట్టి అడ్డంకి ఒకటుంది. అసౌకర్యం వల్ల దక్కినవాటిని వేరే మార్గంలో తెచ్చుకోవచ్చని నేనంటున్నాను. అసౌకర్యమే ఆట అని వాదించేవాళ్ళున్నారు, వాళ్ళ పక్షాన సాక్ష్యముంది. 2017 ఆగస్టులో పాత ఆటని కొత్త బొమ్మలతో మళ్ళీ విడుదల చేసినప్పుడు పన్నెండు యూనిట్ల హద్దుని ముట్టుకోలేదు, వర్కర్లు ఇప్పటికీ గుట్ట పక్కన చేతులు కట్టుకునే నిలబడతాయి. 2012లో కొరియా వృత్తి ఆటగాళ్ళు మూకుమ్మడిగా కొత్త ఆటకి మారారు. వాళ్ళలో అందరికంటే పేరున్న ఫ్లాష్ 2015 చివర్లో స్టార్‌క్రాఫ్ట్ 2 నుంచి తప్పుకుని మళ్ళీ బ్రూడ్ వార్‌కే చేరాడు. అఫ్రీకాటీవీ స్టార్‌లీగ్ అనే బ్రూడ్ వార్ పోటీ 2016లో మొదలై నిలదొక్కుకుంది. పియానో వాయించేవాడు ‘మీటలు తక్కువుంటే బాగుండు’ అనుకోడు కదా అంటారు వీళ్ళు.

దీన్ని నేను పూర్తిగా తిప్పికొట్టలేను. చేతి పనితనం కంటికి కనిపించడం ఒక ఆనందం, అది చూసేవాళ్ళకీ అందుతుంది. అయితే మిగిలినవాళ్ళ అభిరుచిని మాత్రమే మనం వింటున్నామన్న సంగతి మరవకూడదు. ఏడు గుంపుల సైన్యం దగ్గరే విసిగి వెళ్ళిపోయినవాళ్ళు ఈ చర్చలో ఉండరు.

రెండో అడ్డంకి నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మెరీన్ల ముద్ద మీదికి బేన్‌లింగ్స్ దొర్లుతూ వస్తుంటే, ఆటగాడు ముద్దని సగానికి చీల్చి, ఆ సగాన్ని మళ్ళీ చీల్చి, నాలుగు దిక్కులకీ పరిగెత్తించి, వెంటనే వెనక్కి తిప్పి కాల్పించడం చూశారా? పాత ఆటలో ఆ దృశ్యానికి చోటే లేదు. అలాగే థార్ అనే టెరన్ యంత్రం గుళ్ళు ఎగిరే మ్యుటలిస్క్ గుంపుని ఒక్క దెబ్బకి చీలుస్తుంటే, దాడి ఆజ్ఞతో కాకుండా మామూలు నడక ఆజ్ఞతో వాటిని థార్ నెత్తిమీదికి తెచ్చి ఆపితే ఎడం ఎడంగానే ఉంటాయని ఆటగాళ్ళు కనిపెట్టారు. మ్యాజిక్ బాక్స్ అన్న ఆ కిటుకు తెలిశాక థార్ భయం సగం తీరింది. అంటే కొత్త తెలివి కూడా తన సొంత విద్యలని పుట్టించింది. ముద్ద లేకపోతే చీల్చే కళా లేదు.

నా సమాధానం పాక్షికమే. ఆ చీలికలో రెండు పక్షాల శ్రమా సమానం కాదు. బేన్‌లింగ్స్ నడిపేవాడు ఒక దాడి ఆజ్ఞ ఇస్తే సరిపోయే చోట మెరీన్లు నడిపేవాడు రెండు సెకన్లలో ఎనిమిది పది చర్యలు చేయాలి. అగ్రశ్రేణిలో అది కళ, కింది మెట్ల మీద అది శిక్ష. డిస్రప్టర్ (పేలే గోళాన్ని వదిలే ప్రోటాస్ యంత్రం) వచ్చాక ఈ శిక్ష అన్ని జాతులకీ పాకింది. దొర్లుకుంటూ వచ్చే ఆ గోళాన్ని రెండు సెకన్లలో తప్పుకున్నావా బతికావు, లేదా ఆట అయిపోయింది.

2018లో సెరల్ అనే ఆటగాడు ప్రపంచ ఫైనల్ గెలిచి, కొరియా బయటినుంచి వచ్చిన మొదటి విజేత అయ్యాడు. సులువైంది కనుకే ఇది సాధ్యమైందని కొందరు దీన్ని సాక్ష్యంగా చూపిస్తారు. ఇది చెల్లని సాక్ష్యం. 2016లో కొరియా జట్ల పోటీ అయిన ప్రోలీగ్ మూతపడి కొరియా జట్లు చాలావరకు చెదిరిపోయాయి. రోజుకి పది గంటలు కూర్చోబెట్టి ఆడించే ఇళ్ళే లేకుండా పోయాక వచ్చిన గెలుపుని ఆట తేలికతనానికి కొలతగా తీసుకోలేం. సెరల్ ఆట చూసినవాళ్ళెవరూ అది తేలికని అనరు కూడా.

ఇక లాడర్ (ర్యాంకుల పోటీ) గడప తొక్కనివాళ్ళు చాలామంది. పద్దెనిమిది మంది కమాండర్లతో కో-ఆప్ (ఇద్దరు కలిసి కంప్యూటర్‌తో తలపడే పద్ధతి) ఆడుకునేవాళ్ళకి ముద్ద సమస్యే కాదు, పైగా ముద్దగా వచ్చే శత్రువుని తగలబెట్టడమే వాళ్ళ సరదా. ఈ వ్యాసంలోని ఫిర్యాదులు వాళ్ళకి పట్టవు, పట్టాల్సిన పనీ లేదు.

ఎవరికి వాళ్ళు పరీక్షించుకోవచ్చు

ముద్ద గురించి నేను చెప్పినది నమ్మక్కర్లేదు, ఆటతోపాటే వచ్చే ఎడిటర్‌లో చూడవచ్చు. చదునైన ఖాళీ మ్యాప్ తెరిచి ఒకవైపు ముప్ఫై మెరీన్లు, ఇంకోవైపు పన్నెండు బేన్‌లింగ్స్ పెట్టండి. ముందు మెరీన్లని ఒక బిందువు మీదికి నడిపి ముద్దకట్టనివ్వండి. అప్పుడు రెండు పక్షాలకీ దాడి ఆజ్ఞ ఒక్కటే ఇచ్చి చేతులు తీసేయండి. మిగిలిన మెరీన్లని లెక్కపెట్టుకోండి. ఒక్కసారి చూసి తేల్చకండి, పది సార్లు చేయండి. బేన్‌లింగ్స్ వచ్చే కోణాన్ని బట్టి ఫలితం బాగా ఊగుతుంది.

తర్వాత డేటా విభాగంలో మెరీన్‌కి సెపరేషన్ రేడియస్ అన్న గడి వెతకండి. అక్కడ ఉన్న 0.375ని 0.6 చేయండి. మెరీన్‌కి మాత్రమే మార్చాలి. పొరపాటున వర్కర్లకీ మార్చారంటే అవి గుట్టల దగ్గర ఒకదాన్నొకటి తోసుకుని తవ్వకం పాడవుతుంది, ఇక ఏ లెక్కా సరిపోదు. ఇప్పుడు అదే ముప్ఫై మంది ఎడం ఎడంగా నిలబడతారు. పేలుడు వలయంలో ముందు వందమంది పడేచోట ఇప్పుడు నలభై మందే పడతారు. బేన్‌లింగ్ దెబ్బని ఒక్క అంకె కూడా మార్చకుండానే పోరు కళ్ళెదుట నెమ్మదిస్తుంది. ఆటగాడికి ఆలోచించే సమయం దొరుకుతుంది. ఎంచుకునే హద్దు తేనక్కర్లేదు, వర్కర్లని ఖాళీగా నిలబెట్టనక్కర్లేదు.

అదే సైన్యాన్ని ఇప్పుడొకసారి ర్యాంప్ ఎక్కించి చూడండి. ముందున్నవాళ్ళు పైకి పోతారు, మధ్యలో ఉన్నవాళ్ళు పక్కవాడి భుజం తగిలి ఆగుతారు, వెనకవాళ్ళు ఎటు పోవాలో తెలియక అడుగున తచ్చాడుతారు. ఒకడు విసిగి చుట్టుదారి పడతాడు.